చిత్రాంగి ఎవరి కూతురు?

రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది. తండ్రి ఆజ్ఞతో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న రాజకుమారుడి పేరది. అతని మీద నింద వేసిన సవతి తల్లి చిత్రాంగి ఎవరి కూతురు? వయసు మళ్లిన రాజుకు భార్య ఎలా అయింది? ఈ కథ విన్న ప్రతిసారీ చిరాకు పుట్టించే ప్రశ్న ఇదే. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు.

చరిత్రనడిగితే, 1022 నుంచి 1061 దాకా వేంగినేలిన రాజరాజనరేంద్రుడి రాణి రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవి. వాళ్ల కొడుకే తర్వాత చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. ఆ వంశ చరిత్రలో చిత్రాంగీ లేదు, సారంగధరుడూ లేడు. 15వ శతాబ్దపు గౌరన 'నవనాథ చరిత్ర'లో ఇది మాళవదేశపు కథ. 17వ శతాబ్దంలో చేమకూర వేంకటకవి చేతిలో రాజమహేంద్రవరానికి చేరింది. దేశం మారింది, రాజు మారాడు. ఆమె నేరం మాత్రం అదే.

రావణుడికి జయవిజయుల శాపమనే పూర్వకథ ఉంది. చిత్రాంగికి ఆ పాటి కారణం కూడా అక్కర్లేదనుకున్నారు. ఆడదాని కోరికే చాలిన కారణమైంది.

అయితే కొన్ని కథనాల్లో ఆమెకు మొదట చూపించింది కొడుకు చిత్తరువు, పెళ్లాడింది తండ్రి. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగిదీ ఈ దారే. అంటే మొదట మోసపోయింది ఆమే. ఆ మోసానికి శిక్ష ఎవరికీ పడలేదు. చిత్రాంగిని మళ్లీ రాయదలచినవాళ్లు ఆ పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి.