పిల్లవాణ్ణి పిలవండి!

విస్తరి వేశారు. వడ్డన అయింది. అతిథి ముద్ద కలపబోతూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీకో కొడుకున్నాడటగా! వాణ్ణి పిలవండి. వాడు నా పక్కన కూర్చుంటేగాని నేను తినను" అన్నాడు.

ఆ కొడుకు ఆ విస్తట్లోనే వున్నాడు. సంగతి తండ్రికి తెలుసు, తల్లికి తెలుసు. అడిగినవాడికీ తెలుసు.

ఇదేదో సీమదొరల దెయ్యాల సినిమా అనుకునేరు! కాదు. మన చిరుతొండనంబి కథ. భయపెట్టడంలో దీనికి సాటివచ్చే సీను ఆ తరవాత ఎన్ని సినిమాలు చూసినా నాకు తారసపడలేదు. దెయ్యం వచ్చి పిల్లవాణ్ణి పట్టుకుంటే తండ్రి దేవుణ్ణి పిలుస్తాడు. దేవుడే వచ్చి పిల్లవాణ్ణి అడిగితే ఎవర్ని పిలవాలి?

నేనీ కథ మొదట విన్నది శాంతిపురం పక్క పల్లెలో, ఒక శివరాత్రి జాగారం నాడు. అప్పటికింకా మండలాలు రాలేదు. పెట్రోమాక్సు లైటు, దాని చుట్టూ పురుగులు, కింద సాపలు, ఒళ్ళో చెనక్కాయలూ బొరుగులూ. నాకు ఎనిమిదేళ్ళు. కథ చెప్పిన భాగవతారు చిడతలు ఆపి, గొంతు తగ్గించి, "నాయనా సిరియాలా... రారా..." అని తల్లి పిలుపు పిలిచేసరికి ఆడవాళ్ళ వైపునుంచి వెక్కిళ్ళు వినిపించాయి. నేను మా నాయన పక్కనుంచి మెల్లిగా జరిగి మా అవ్వ చెంగులో దూరాను.

మా ప్రాంతం సంగతి తెలియనివారికి ఒక మాట. కుప్పం, శాంతిపురం, గుడుపల్లె, రామకుప్పం... ఇవన్నీ చిత్తూరు జిల్లా కొసన వున్న వూళ్ళు. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. అంగట్లో ఒక భాష, ఇంట్లో ఒక భాష, తిట్టుకోడానికి మూడోది. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో తెచ్చి కుప్పంలోనే పెట్టారంటే వూరికే కాదు. ఈ కథకూడా సరిగ్గా ఆ మూడు దోవల్లోనే నడిచింది. అందుకే మావైపు దీనిమీద అభిప్రాయాలూ మూడు రకాలు.

తమిళంలో ఇతను సిరుత్తొండరు. అసలుపేరు పరంజోతి. పల్లవుల సేనాని. చాళుక్యుల వాతాపిని కొల్లగొట్టిన వీరుడని పెరియపురాణం చెబుతుంది. చరిత్రకారులు ఆ దండయాత్రను 642 నాటిదిగా లెక్కిస్తారు. తిరుజ్ఞానసంబంధరు ఇతన్ని పేరుపెట్టి పాడాడు. కాని కొడుకుని వండి వడ్డించిన కథ విస్తారంగా మనకు దొరికేది పన్నెండో శతాబ్దంలో, శేక్కిళారు చేతిలో. అక్కడ భైరవ వేషంలో వచ్చిన సామి షరతులు వింటే వెన్ను జలదరిస్తుంది. పిల్లవాడికి అయిదేళ్ళుండాలి. ఒక్కడే కొడుకై వుండాలి. తల్లి పట్టుకోవాలి, తండ్రి కోయాలి. ఇద్దరూ సంతోషంగా చెయ్యాలి!

ఆ చివరి షరతు దగ్గరే మా అవ్వ నోరు విప్పింది. "ఏడవనుకూడా ఏడవకూడదంటనా? ఇదేం సామి!" అంది. పక్కనున్న ముసలమ్మలు "శివశివా" అని చెంపలు వేసుకున్నారు గాని, కాదని ఎవరూ అనలేదు.

ఎల్ల దాటి తెలుగులోకి వచ్చేసరికి సేనాని కాస్తా శెట్టి అయ్యాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో సిరియాలుడు వర్తకుడే. శ్రీనాథుడు హరవిలాసంలో ఈ కథని కంచిలో పెట్టి వైభవంగా చెప్పాడు. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్యశెట్టీ పెద్ద వర్తకుడే. తమ కులంవాడి కథ తమ ఇంట వినడం ఎవరికి చేదు? అయితే ఈ మార్పుతో కథ బరువుకూడా మారిందని నాకు అనిపిస్తుంది. కత్తి పట్టినవాడికి కోత కొత్త కాదు. తక్కెడ పట్టినవాడికి మాట ముఖ్యం. అతిథి ఏది అడిగినా పెడతానన్నాడు. అన్నమాట అప్పు పత్రంలాంటిది. అతను తీర్చాడు. ఆ అప్పుకి కొడుకుని జమ కట్టవచ్చునా అన్నదే చిక్కు.

మా వూళ్ళో ఒక పెద్దరైతు అన్నది ఈ మాటే. "ఆడిన మాట తప్పేదెట్లా? తప్పితే శెట్టి అని ఎవరు పిలుస్తారు?" దానికి మా అవ్వ జవాబు నాకింకా చెవుల్లో వుంది. "మాట ఇచ్చింది అతను కదా సామీ. పిల్లోడు ఇయ్యలేదే!"

ఈ వాదన మా అవ్వతో పుట్టిందేమీ కాదని నాకు చాలా ఏళ్ళ తరవాతగాని తెలియలేదు. బసవపురాణంలోనే వుంది. సిరియాలుడికి తనంతటి భక్తుడు లేడన్న గర్వం వస్తే, శివుడు అతన్ని నిమ్మవ్వ అనే భక్తురాలి ఇంటికి తీసుకువెళ్ళి ఆ గర్వం అణిచాడంటాడు సోమనాథుడు. అక్కడితో ఆగడు. హలాయుధుడనే మరో భక్తుణ్ణి తెచ్చి, ఈ నరమాంసపు విందు గురించి సిరియాలుణ్ణీ, సాక్షాత్తూ శివుణ్ణీ నిలదీయిస్తాడు. నిలదీసినవాడు నాస్తికుడు కాడు, పరమ శివభక్తుడు! అంటే పదమూడో శతాబ్దంలోనే, కథ చెప్పే పుస్తకంలోనే, ఈ కథ మింగుడుపడని ప్రేక్షకుడికి ఒక పాత్ర దొరికిందన్నమాట. 1369లో భీమకవి ఈ పురాణాన్ని కన్నడంలోకి తీసుకువెళ్ళాడు.

ఈ సంకటం మనవాళ్ళదొక్కరిదే కాదు. బైబిల్లో అబ్రహాము కొడుకు ఇస్సాకుని బలిపీఠం ఎక్కిస్తాడు. ఆఖరి క్షణంలో దేవదూత చెయ్యి ఆపుతాడు. ఆ అధ్యాయం మొత్తంమీద తల్లి శారా ఊసే లేదు. గ్రీకుల కథలో ఆగమెమ్నన్ పడవలకు గాలి కోసం కూతురు ఇఫిజెనియాని బలి ఇస్తాడు. అక్కడ మాత్రం తల్లి ఊరుకోలేదు. క్రీ.పూ. 458 నాటి ఎస్కిలస్ నాటకంలో, యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన మొగుణ్ణి నరికి పారేసింది. తరవాత యూరిపిడిస్ రాసిన నాటకం చివర, కత్తి పడేవేళకు పిల్ల మాయమై ఆ చోట జింక వుంటుంది. ఆ ముగింపు యూరిపిడిస్‌ది కాదు, తరవాత ఎవరో చేర్చిందని చాలామంది పండితుల అనుమానం. చేర్చినవారెవరో గాని, వారి బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. పిల్ల చచ్చిపోతే జనం ఇంటికెళ్ళి నిద్రపోలేరు!

మరి పిల్లల అభిప్రాయం? ఎవరూ అడగరనుకుంటాం గాని, మన వేదకాలంవాళ్ళు అడిగారు. ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడు పుట్టబోయే కొడుకుని వరుణుడికి ఇస్తానని మొక్కుకున్నాడు. కొడుకు రోహితుడు పెద్దవాడయ్యాక "నేను రాను" అని అడవికి పారిపోయాడు. తండ్రికి జలోదరం వచ్చింది. అప్పుడు రోహితుడు తన బదులు ఒక పిల్లవాణ్ణి కొనబోయాడు. అజీగర్తుడనే పేద బ్రాహ్మడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి ఇవ్వనన్నాడు తండ్రి, చిన్నవాణ్ణి ఇవ్వనంది తల్లి. నడిపివాడు శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. వాణ్ణి యూపస్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఇంకో నూరు ఆవులు పుచ్చుకుని తండ్రే కట్టాడు. మరో నూటికి నరకడానికీ ఒప్పుకున్నాడు. పిల్లవాడు దేవతల్ని స్తుతిస్తే కట్లు ఊడిపోయాయి. తండ్రి సిగ్గులేకుండా "రా నాయనా, ఇంటికి పోదాం" అన్నాడు. శునశ్శేపుడు పోలేదు. విశ్వామిత్రుడికి కొడుకై వుండిపోయాడు. పిల్లవాడి అభిప్రాయం అదీ!

మావైపు హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటిసీనుకు వన్స్‌మోర్లు మోగిపోతాయి. కాని చిరుతొండనంబి వంటసీనుకు వన్స్‌మోర్ కొట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కాటిలో తండ్రి నిస్సహాయుడు. కొడుకుని పాము కరిచింది, తను చేసిందేమీ లేదు. అందుకని ఏడుస్తూనే పద్యాన్ని ఆనందిస్తాం. ఇక్కడ కత్తి తండ్రి చేతిలోనే వుంది. రెండోసారి చూడటం మనవల్ల కాదు.

చిరుతొండడి పక్షాన ఒక్క మాట చెప్పిన మనిషిని మాత్రం మరిచిపోలేను. మా బళ్ళో అయ్యవారు. మర్నాడు పొద్దున నీళ్ళబావి దగ్గర వాదన సాగుతుంటే ఆయన అన్నారు గదా, "పిల్లోడు లేచి వస్తాడని మనకు తెలుసు. వాళ్ళకు తెలీదు. తెలిసి విన్నవాళ్ళం తెలియక చేసినవాళ్ళకు తీర్పు చెప్పడం సులువు." అందరూ కాసేపు ఊరుకున్నారు. అంతలో మా అవ్వ బిందె చంకనెత్తుకుంటూ, "తెలియనప్పుడే కదయ్యా చెయ్యకూడనిది!" అనేసి వెళ్ళిపోయింది. చదువురాని మనిషి. హలాయుధుడి పేరు ఆమె విని వుండదు.

ఇంతకూ ఆ శివరాత్రి సంగతి పూర్తిచెయ్యలేదు. కథలో సిరియాలుడు బడినుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. శివపార్వతులు ప్రత్యక్షమయ్యారు. హారతి ఇచ్చారు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి, నాది తప్ప. తెల్లవారుజామున ఇంటికి నడుస్తుంటే మా నాయన చెయ్యి పట్టుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తరవాత కిందికి వంగి అడిగాడు. "సామి మనింటికొచ్చి నిన్ను అడుగుతాడనా భయం?"

తల ఊపాను.

"వస్తే పిల్లోడు ఇంట్లో లేడు, వాళ్ళవ్వతో వూరికి పోయినాడని చెప్తాలే."

"అబద్ధం చెప్తే సామికి కోపం రాదా?"

"వస్తే నామీద వస్తుంది. నీకేల?" అన్నాడు.

నేను చెయ్యి ఇచ్చాను. మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కావ్యాలు చదవలేదు, కైలాసం అడగలేదు. ఆ కథమీద నేను విన్న అభిప్రాయాలన్నిటిలోకీ నాకు నచ్చింది మాత్రం ఆయనదే.