గాలికి వదిలిన శిల్పాలు

ఫిలడెల్ఫియా సిటీ హాల్ శిఖరం మీద విలియం పెన్ కంచు విగ్రహం ఉంది. ఎత్తు 37 అడుగులు. దాన్ని మలిచిన అలెగ్జాండర్ మిల్న్ కాల్డర్ స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన శిల్పి. అదే ఊళ్లో స్వాన్ ఫౌంటెన్ బొమ్మలు ఆయన కొడుకు స్టిర్లింగ్ కాల్డర్ చేసినవి. స్టిర్లింగ్ భార్య నానెట్ చిత్రకారిణి. ఇలాంటి ఇంట్లో 1898లో పుట్టిన మనవడు అలెగ్జాండర్ కాల్డర్ మాత్రం శిల్పాన్ని పీఠం మీద నుంచి దింపి గాలిలో వేలాడదీశాడు.

ఆయన మొదట చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. 1919లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో పట్టా పుచ్చుకుని, రకరకాల ఉద్యోగాలు చేసి, 1923లో న్యూయార్క్‌లో చిత్రకళ నేర్చుకోవడానికి చేరాడు. ఒక పత్రిక కోసం సర్కస్ బొమ్మలు గీస్తూ ఆ లోకంలో పడిపోయాడు. 1926లో పారిస్ వెళ్లాక తీగ, బెండు, గుడ్డపీలికలతో తానే చిన్న సర్కస్ తయారు చేశాడు. తోలుబొమ్మలవాళ్లలా పెట్టెల్లో సర్దుకుని వెళ్లి, నేల మీద కూర్చుని తన చేతులతోనే ఆడించేవాడు.

1930లో చిత్రకారుడు మోండ్రియన్ స్టూడియో చూడటంతో దారి మారింది. గోడకు అతికించిన రంగురంగుల అట్టముక్కలు కదిలితే బాగుంటుందని కాల్డర్ అన్నాడు. మోండ్రియన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాదే కాల్డర్ మోటారుతో కదిలే శిల్పాలు చేశాడు. వాటికి కళాకారుడు మార్సెల్ డూషాంప్ పెట్టిన పేరు 'మొబైల్'. మనకిప్పుడు ఆ మాట వింటే ఫోనే గుర్తొస్తుంది కానీ, పసిపిల్లల ఉయ్యాల మీద వేలాడే తిరుగుడు బొమ్మలకూ ఇంగ్లీషులో అదే పేరు.

మోటారు తిప్పితే కదలిక ఉంటుంది, కాని తిప్పినట్టే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. అది కాల్డర్‌కు విసుగు పుట్టించింది. మోటారు తీసేసి గాలిని నమ్ముకున్నాడు. ఆయన జీవితంలో అన్నిటికన్నా సాహసమైన నిర్ణయం ఇదేనని నా నమ్మకం.

ఆ పనితనం అర్థం కావాలంటే కావడి మోసేవాణ్ణి తలుచుకోవాలి. ఒకవైపు బరువెక్కువైతే బద్దను భుజం మీద అటూ ఇటూ జరిపి, బరువు సరిపడే చోటు పట్టుకుంటాడు. కాల్డర్ కూడా తీగకు రెండు చివర్లా రేకుముక్కలు తగిలించి, అది సమంగా నిలిచే చోటు వెతికి కొక్కెం వేసేవాడు. ఆ కావడి మొత్తం ఇంకో తీగకు ఒక చివరి బరువవుతుంది. కింది నుంచి పైకి ఇలా కట్టుకుపోతే, ఒక ఆకు కదిలినా కొమ్మంతా స్పందిస్తుంది. వీటిని ఆటబొమ్మలని తేలిగ్గా తీసేసినవాళ్లున్నారు. ఇంత లెక్క ఉన్న పనిని అలా అనడం అన్యాయం.

1943లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన పనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. 1946లో తత్వవేత్త సార్త్ర్ ఆయన మీద వ్యాసం రాశాడు. 1952లో వెనిస్ బియెనాలేలో శిల్పానికి పెద్ద బహుమతి దక్కింది. 1955లో ఆర్కిటెక్ట్ గిరా సారాభాయ్ పిలుపు మీద అహ్మదాబాద్ వచ్చి, అక్కడే కొన్ని శిల్పాలు చేశాడు.

ముసలితనంలో ఆయన మనసు ఉక్కు వైపు మళ్లింది. షికాగోలో 1974లో నిలబెట్టిన ఎర్రటి 'ఫ్లెమింగో' ఎత్తు 53 అడుగులు. అది కదలదు, దాని కమానుల కింద మనుషులు నడుస్తారు. ఈలోగా జార్జ్ రికీ వంటి శిల్పులు గాలికి ఊగే ఉక్కు పలకలతో ఆయన దారిని ముందుకు తీసుకెళ్లారు.

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ తూర్పు భవనానికి కాల్డర్ ఒక భారీ మొబైల్ రూపొందించాడు. ఉక్కుతో చేస్తే మరీ బరువయ్యేది. చిత్రకారుడు హెన్రీ మాటిస్ మనవడు పాల్ మాటిస్, తేనెపట్టులాంటి గుల్ల అల్యూమినియం పలకలతో దాన్ని తేలిక చేశాడు. 1976 నవంబరులో కాల్డర్ కన్నుమూశాడు. మరుసటి ఏడాది దాన్ని వేలాడదీశారు. 70 అడుగులు దాటిన ఆ శిల్పానికి మోటారు లేదు. లోపల ఆడే గాలికే మెల్లగా తిరుగుతుంది.