రాయపూరు దారిలో తెలుగు ఇంటిపేర్లు

తెలుగునాట మనుష్యుని పేరు ఇంటిపేరుతో మొదలగును. ముందు ఇల్లు, తరువాత మనిషి. రాయపూరు నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ వరుస తరచుగ తలక్రిందులైనది. బడి పట్టికలలోను, కచేరి కాగితములలోను అచ్చటి తెలుగువాడు రావుగనో, నాయుడుగనో, మూర్తిగనో కనబడును. ఇంటిపేరు మొదట నొక పొడి అక్షరముగ మిగులును. ఒకటి రెండు తరములు గడచిన పిమ్మట ఆ అక్షరము సయితము రాలిపోవుట కలదు. ఇది పైకి స్వల్పమైన మార్పుగ తోచును. కాని ఇంటిపేరు పిలుపు మాత్రమే కాదు. చాల కుటుంబములకు అది పూర్వులు విడిచి వచ్చిన ఊరి గుర్తు. వ్రాతకోతలు లేని ఇండ్లలో మిగిలిన ఏకైక చరిత్రపత్రము. అట్టి పత్రము ఎట్లు పుట్టినది, రాయపూరు దారిలో ఎట్లు చెరిగిపోవుచున్నది అనునదియే ఇచ్చట విచారింపదగిన విషయము.

మన ఇంటిపేర్లలో వస్తువుల పేర్లు కలవు, వృత్తుల పేర్లు కలవు, పూర్వపురుషుల పేర్లు కలవు. గిడుగు అనగా ఆకుల గొడుగు. ఆ మాట రామమూర్తి పంతులుగారి వంశమునకు పేరైనది. ఐనను వీని యన్నింటికంటె ఎక్కువగ మన దృష్టి నాకర్షించునవి ఊళ్ల పేర్లనుండి పుట్టినవి. వీనిలో నొక న్యాయము కనబడుచున్నది. ఊరిలో నున్నంతకాలము ఊరిపేరు ఒక కుటుంబమును మరియొక కుటుంబమునుండి వేరుచేయజాలదు. అందరును ఆ ఊరివారే కదా! ఆ కుటుంబము పొరుగూరికి తరలినప్పుడు మాత్రమే వారిని 'ఫలాని ఊరివారు' అని గుర్తించుట కవసరము కలుగును. కరణీకము వలననో, మాన్యము వలననో ఉన్న ఊరిలోనే ఆ పేరు పొందినవారు లేకపోలేదు. సామాన్యముగ మాత్రము ఊరు విడిచిన తరువాతనే ఊరిపేరు ఇంటిపేరగును. కావున అట్టి ప్రతి ఇంటిపేరును ఒక ప్రయాణపు సంక్షేపమని చెప్పవచ్చును.

ఇందుకు నిదర్శనములు దేశమంతయు నెరిగినవే. సర్వేపల్లి నెల్లూరు సీమలోని గ్రామము. 1888లో రాధాకృష్ణన్‌గారు జన్మించినది తిరుత్తణిలో. మోక్షగుండము గిద్దలూరు ప్రాంతపు గ్రామము. 1861లో విశ్వేశ్వరయ్యగారు జన్మించినది మైసూరు రాజ్యములోని ముద్దేనహళ్లిలో. ఒకరి పరిసరములలో అరవము, మరియొకరి పరిసరములలో కన్నడము వినవచ్చుచుండినను, వారి వంశములు ఏ దిక్కునుండి నడచి వచ్చినవో చెప్పుటకు ఇంటిపేరొక్కటి చాలినది. గురజాడ అప్పారావుగారి సంగతియు నట్టిదే. గురజాడ కృష్ణా మండలములోని ఊరు. ఆయన జీవితము పండినది విజయనగరమున. కృష్ణాతీరమునుండి కళింగమునకు జరిగిన వలస ఆ నాలుగక్షరములలో నిమిడియున్నది.

ఇది తెలుగువారికి మాత్రమే చెందిన రీతి కాదు. మనకు చిరపరిచితములైన ఆంగ్లనామములను చూడుడు. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు వినినంతనే మనకు ప్రత్తి స్ఫురించును. కాని ఆ ఇంటిపేరునకు ప్రత్తితో సంబంధము లేదు. ప్రాచీనాంగ్లమున 'కాట్' అనగా గుడిసె. గుడిసెలున్న చోటు అను అర్థమున ఇంగ్లండు దేశమున పలుతావుల కాటన్ అను ఊళ్లు వెలసినవి. ఆ ఊళ్లనుండి వచ్చినవారు కాటనులైరి. మన నిఘంటుకర్త బ్రౌను పేరు వంటి ఛాయనో, జుట్టు రంగునో చూచి పెట్టినది. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన క్యాంబెల్ పేరు స్కాట్లండు భాషలో 'వంకర నోరు' అను మారుపేరునుండి వచ్చినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత కొన్ని శతాబ్దములకు గాని ఇట్టి పేర్లు తండ్రినుండి కొడుకునకు స్థిరముగ సంక్రమింపలేదు.

కాటన్ చరిత్ర మనకు రెండు హెచ్చరికలు చేయుచున్నది. మాట ధ్వనినిబట్టి అర్థము నిర్ణయింపరాదు. ఒకే ఇంటిపేరు గలవారందరును ఒకే కుదురువారని తలపరాదు; అదే పేరుగల ఊళ్లు పెక్కులుండవచ్చును. రాయపూరు తెలుగువారి పేర్లను పరిశీలించునప్పుడు ఈ రెండును జ్ఞప్తియందుంచుకొనవలెను.

తెలుగు పేర్లు ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు తరలుట క్రొత్తగ జరిగినది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశమువారి సంప్రదాయము. పదునెనిమిదవ శతాబ్ది యారంభమునాటి దంతెవాడ శాసనము ఆ సంప్రదాయమును పేర్కొనుచున్నది. ఓరుగంటి వంశనామము అడవులు దాటి వచ్చి ఆరువందల యేండ్లు నిలిచినదన్నమాట. ఐనను దానికిని మరుగు తప్పలేదు. 1922 మొదలు 1936 వరకు బస్తరు నేలిన ప్రఫుల్లకుమారీదేవి మయూరభంజ వంశీయుని పెండ్లాడెను. ఆమె కుమారుడు ప్రవీరచంద్రుడు తండ్రివైపు పేరగు భంజ్ దేవ్‌తోనే లోకమున ప్రసిద్ధుడయ్యెను. రాజవంశముల పేర్లకే ఈ గతి పట్టినప్పుడు, కూలికిని కొలువునకును వచ్చిన సామాన్యుల పేర్ల మాట వేరుగ చెప్పవలెనా?

ఆ సామాన్యులను రాయపూరు చేర్చినవానిలో ముఖ్యమైనది రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవంక నాగపూరు, రాయపూరు, బిలాసపూరులను, వేరొకవంక తూర్పుతీరమున వాల్తేరును తన యేలుబడిలోనికి తెచ్చుకొనెను. విజయనగరమునుండి పార్వతీపురమునకు 1909 నాటికే బండి నడచుచుండెను. ఆ దారి రాయగడ, తిట్లాగఢ్, మహాసముందుల మీదుగ 1931లో రాయపూరునకు కలిసెను. మధ్యపరగణాల సరకును కట్టనున్న విశాఖపట్టణపు రేవునకు చేర్చుట దాని ప్రధానోద్దేశము. రేవు 1933లో తెరువబడెను. సరకు సముద్రమువైపు దిగివచ్చుచుండగా, మనుష్యులు అదే దారిని ఎగువకు పోయిరి. ఉత్తరాంధ్రమునుండి రాయపూరునకు అదియే రాచబాట యయ్యెను. 1955లో సోవియట్ దేశముతో నొడంబడిక జరిగి, రాయపూరునకు చేరువనున్న భిలాయిలో ఉక్కు కర్మాగారము నిర్మాణమయ్యెను; 1959 ఫిబ్రవరి 4వ తేదీన అందలి మొదటి కొలిమిని రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఆ కొలిమియు పెక్కు తెలుగు కుటుంబముల నాకర్షించెను.

కొలువున చేరిన మొదటిదినముననే పేరు పరీక్షకు నిలిచెను. రైల్వేవారి పట్టీలు ఆంగ్లపద్ధతిని నడచునవి. పేరులో చివరి మాటయే వంశనామమని ఆ పద్ధతి భావించును. తెలుగుపేరు చివర నుండునది గౌరవపదమో, కులసూచకమో, వ్యక్తినామములోని తుది భాగమో కాని వంశనామము కాదు. ఈ భేదమును గుమాస్తా యెరుగడు. ఎరిగినను అతనికి అవసరము లేదు. గురజాడ వేంకట అప్పారావు అను పేరు అట్టి పట్టీకెక్కినచో జి. వి. ఏ. రావు అగును. ఆయన కుమారుని బడిలో చేర్చునప్పుడు రావు అనునదే వంశనామమై కూర్చుండును. హిందీ మాటలాడు ఇరుగుపొరుగులకు ఆ చిన్నమాట నోటికి తేలిక. 'రావు సాహెబ్' అని వారు ఆదరముతోనే పిలుతురు. ఇందు ఎవరి దౌర్జన్యమును లేదు. కాగితపు గడియొకటి, నాలుక సౌకర్యమొకటి, ఈ రెండును కలిసి చేసిన పని ఇది.

ప్రసిద్ధుల పేర్లును ఈ దారినే పోయినవి. మధ్యపరగణాలకు నాడు రాజధానియైన నాగపూరున 1895లో తెలుగు కుటుంబమున జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు ఆటకు నాయకత్వము వహించిన సి. కె. నాయుడుగారిని ఎరుగనివారెవరు? కాని మొదటి అక్షరము కొఠారి అను ఇంటిపేరని ఎందరెరుగుదురు? మదరాసున ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని 1898లో పరిణయమాడిన వంగదేశీయుల బిడ్డ సరోజినీదేవి ఇంటికోడలైనను, లోకమున ఆమెను చేరినది ముత్యాల కాదు, నాయుడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడపి, 1969లో రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు దేశమునకు వి. వి. గిరి మాత్రమే.

కొఠారి అను మాటను మరికొంత విచారింతము. కొఠారు అనగా ధాన్యము దాచు గది. రాజస్థానమునుండి రాయపూరునకు వచ్చిన వర్తకులలోను కొఠారులున్నారు. భాండాగారమును కాచువాడని వారి మాటకర్థము. ఇంటిపేరు చివర చేర్చి వ్రాసికొనిన తెలుగు కొఠారిని ఆ నగరమున చూచినవారు మార్వాడీ యని తలచుట సహజము. పేరొకటియైనను నడచిన దారులు వేరు. అందుచేత ఇంటిపేరు నిలుపుకొనినంతమాత్రమున చాలదు. దాని వెనుకనున్న ఊరును, ఊరి వెనుకనున్న కథను గూడ నిలుపుకొనవలెను. లేనిచో కాటనునకు ప్రత్తి అంటగట్టినట్లు, మన మనుమలు తమ పేర్లకు లేని అర్థములు కల్పించుకొందురు.

రావును, నాయుడును దోషములని నా అభిప్రాయము కాదు. ఊరు విడిచినప్పుడు ఊరిపేరు ఇంటిపేరైనట్లే, భాషాసీమ విడిచినప్పుడు రావు ఇంటిపేరైనది. అదియు నొక వలస గుర్తే. భేదమొక్కటి కలదు. సర్వేపల్లి యనినచో ఎచ్చటినుండి యను ప్రశ్నకు సమాధానము దొరకును. రావు అనినచో తెలుగువాడనియో, కన్నడిగుడనియో, మహారాష్ట్రుడనియో ఊహింపవలసియుండును. ఊరు చెప్పుటకు ఆ మాటకు శక్తి లేదు. మొదటిది దారి చూపును. రెండవది దారి ముగిసిన చోటును మాత్రమే చూపును.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించిననాడే రాయపూరు క్రొత్త మధ్యప్రదేశ్‌లో చేరెను. 2000 సంవత్సరమున అదే తేదీని ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని యయ్యెను. రాష్ట్రములు మారినవి, పటములు మారినవి. ఆ నగరపు తెలుగు కుటుంబములలో మొదటి తరమువారు తెలుగున జాబులు వ్రాసిరి. తరువాతివారిలో పెక్కురు ఇంట తెలుగు మాటలాడి బడిలో హిందీ చదివిరి. తెలుగక్షరములు గుర్తింపలేని బిడ్డలు నేడు కలరు. అట్టి బిడ్డకు పెద్దలనుండి అక్షరజ్ఞానముతో పనిలేక సంక్రమింపగల తెలుగుమాట ఇంటిపేరు. దానిని పొడి అక్షరముచేసి విడుచుట, కడపటి దీపమును మనమే ఆర్పుకొనుట.

దేశమున నలుగడల నున్న తెలుగు రచయితలు చేయదగిన పని ఇందు కొంత కలదు. ఖరగపూరునను, భిలాయిలోను, రాయపూరునను ఉన్న పెద్దలనడిగి, ఇంటిపేరు పూర్తి రూపమును, అది ఏ ఊరిదను తలపును, ఏ తరమున ఏ కొలువునకై ఏ దారిని వచ్చిరను వివరమును వ్రాసియుంచవలెను. తెలిసినదానిని తెలిసినట్లును, విన్నదానిని విన్నట్లును వేరువేరుగ వ్రాయవలెను. ఇందుకు శాసనములు తవ్వనక్కరలేదు, పెద్ద పాండిత్యమును అక్కరలేదు. చెప్పగల పెద్దలు జీవించియుండగా అడిగిన చాలును. కచేరి పట్టీలో రావు రావుగనే యుండవచ్చును. ఇంటిలోని పుస్తకమున మాత్రము ఇంటిపేరు ముందుండవలెను.