వెచ్చని నాదం – మేడారం క్యాసెట్టు



1998 మాఘమాసంలో మేడారం జాతరకు వెళ్ళినప్పుడు, ఒక కోయ డోలి కళాకారుడు గానం చేసిన సమ్మక్క సారలమ్మల కథను చిన్న టేప్‌రికార్డరులో పట్టుకొన్నాను. నాడది వరంగల్లు జిల్లా. 2019 నుండి ములుగు జిల్లా. కోయల వంశచరిత్ర పడిగె అనే గుడ్డమీద బొమ్మలుగా, డోలివారి నోట పాటగా నిలిచినది. కనుక ఆ క్యాసెట్టు నాకు వినోదవస్తువు కాదు, చరిత్రపత్రం. విని వ్రాసుకొన్న నోటుపుస్తకంలో ఒక ఊరిపేరు మాత్రం తెలియక, ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది.

దానిని శ్రద్ధగా వినాలని ఇటీవల హన్మకొండలో పాత యాంప్లిఫయర్ కొనబోయాను. అంగడివాడు రెండు చూపాడు: ఒకటి వాల్వులది, ఒకటి ట్రాన్సిస్టర్లది. "వాల్వు సౌండు వెచ్చగుంటది సార్" అన్నాడు. ఈ 'వెచ్చదనా'నికీ ఒక చరిత్ర ఉన్నది.

1906లో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించాడు. 1947లో ఇంగ్లండులో విలియమ్సన్ ప్రకటించిన సుప్రసిద్ధ వాల్వు యాంప్లిఫయర్ ఆశయం వెచ్చదనం కాదు. 15 వాట్ల వద్ద కూడా ధ్వనివికృతి 0.1 శాతం లోపే ఉండడం! ఆ డిసెంబరులోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. అది ఇళ్ళలో ప్రవేశించిన పిమ్మట, తొలినాటి ట్రాన్సిస్టర్ యంత్రాల కరకుదనం ఎదుట, పాతవాటి మెత్తదనం ఒక గుణంగా కీర్తి పొందింది.

ఇంతకూ ఏమిటా మెత్తదనం? కొన్ని వాల్వు యంత్రాలు స్వరానికి రెండవ అనుస్వరాన్ని జోడిస్తాయి. (వ్యాకరణంలోని సున్న కాదు సుమా!) అంటే మంద్రషడ్జానికి మధ్యషడ్జం తోడు పలుకుతుంది, చెవికి నిండుగా తోస్తుంది. యంత్రం ముసలిదై హెచ్చు పౌనఃపున్యాలు సన్నగిల్లినా, కొందరు దానినీ వెచ్చదనమే అనుకొంటారు.

క్యాసెట్టును రెండింటిలోనూ పెట్టి విన్నాను. వాల్వులదానిలో గాయకుని కంఠం తేనెలా జారింది, కాని ఊష్మాలు మాయమయ్యాయి. 'ఊష్మ' మంటే వేడి. వెచ్చని నాదమే వాటిని మింగివేయడం విచిత్రం! రెండవదానిలో టేపు బుసబుస, జనం కోలాహలం, డోలిపై పుల్లదెబ్బ, వీటి నడుమ ఊరిపేరులోని 'స'కారం స్పష్టంగా వినిపించింది.

వాల్యూము తిప్పితే గరగర లేదనీ, పాట ఆపితే హమ్మింగు లేదనీ చూచుకొని ట్రాన్సిస్టర్లదే కొన్నాను. సినిమా పాటలకైతే నిస్సందేహంగా వాల్వులదే తెచ్చుకొందును.

కోయ డోలి కథాగానానికి 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్యగారు 2024లో కన్నుమూశారు. అడిగి తెలుసుకొనగల పెద్దలు తరిగిపోతున్నారు. మీ ఇళ్ళలో ఇటువంటి క్యాసెట్లుంటే, ముందు పేర్లు వినబడే యంత్రంలో విని వ్రాసిపెట్టండి. నా నోటుపుస్తకంలో ఖాళీ నిండడానికి ఇన్నేళ్ళు పట్టింది.

స్వస్తి.