చల్లదనం కొనేముందు

ఎండలు ముదిరాయంటే ఇంట్లో ఒకటే పోరు కదూ: కూలరా, ఏసీయా? పిల్లలు ఏసీ కావాలంటారు, ఆయన కరెంటు బిల్లు గుర్తుచేస్తారు. ఏది కొనాలో తేల్చుకునేముందు ఈ యంత్రాల పుట్టుక కాస్త తెలుసుకుందాం.

సిరిసిల్ల, వీర్నపల్లి వైపు పాత ఇళ్ళు చూశారా? మందపాటి మట్టిగోడలు, పైన గూనపెంకలు. పగటి వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి పొద్దుగూకేది. పెంకల సందుల్లోంచి ఉక్క పైకి పోయేది. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం పని మొదలుపెట్టింది. దేశంలో మొదటగా పెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి, వాడుకునేవాళ్ళే సభ్యులు. అలా ఊళ్ళకు దీపం వచ్చింది, వెనకాలే ఫ్యానూ వచ్చింది. తర్వాత పెంకలు పోయి స్లాబు వేశారు. స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి మన నెత్తిన కక్కుతుంది. ఇవాళ మనం యంత్రం పెట్టి చల్లబరిచేది సగం ఆ కప్పునే!

కూలరు మనకు కొత్తదేం కాదు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు కదా, అదే సూత్రం. నీరు ఆరుతూ గాలిలోని వేడిని పట్టుకుపోతుంది. గాలి పొడిగా ఉంటేనే ఈ పని జరుగుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో సిరిసిల్లలో హాయిగా ఉండే కూలరు, కాకినాడలో జిడ్డు చెమటే మిగులుస్తుంది. తొలకరి పడ్డాక సిరిసిల్లలోనూ అంతే. పైగా కూలరుకు కిటికీ తెరిచి ఉండాలి, ఏసీకి మూసి ఉండాలి.

ఏసీ కథ వేరు. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు కోసం. చెమ్మకు కాగితం ఉబ్బి రంగులు పక్కకు జరిగేవట. గాలిలో చెమ్మ తీయడమే దాని మొదటి ఉద్యోగం. కనుక మీ ఊరి గాలి పొడిదా, చెమ్మదా అన్నదే అసలు ప్రశ్న.

అదే యంత్రాన్ని తిరగేస్తే చలికాలంలో ఇల్లు వెచ్చబడుతుంది. 1852లోనే కెల్విన్ ఈ ఊహ చెప్పాడు. దాన్నే హీట్ పంపు అంటారు. చలిదేశాల వాళ్ళకు అది ప్రాణం. మన నాలుగు వారాల చలికి గొంగడి చాలదూ?

దుకాణంలో "ఒకటిన్నర టన్ను" అంటే యంత్రం బరువనుకోకండి. మంచుతో చల్లబరుచుకున్న కాలం నుంచి వచ్చిన లెక్క అది. టన్ను మంచు ఒక రోజులో కరుగుతూ ఎంత వేడి లాగుతుందో, అంత శక్తి. చిన్న గదికి ఒక టన్ను సరిపోవచ్చు. మిద్దె కింద పై అంతస్తు గదికి కాస్త ఎక్కువ కావాలి. ఆ గది ఎప్పుడూ పడకగదే ఎందుకవుతుందో, పొయ్యి దగ్గర మగ్గేవాళ్ళనెవరూ అడగరు!

నక్షత్రాల చీటీ 2006 నుంచి ఉంది. లెక్కలు మధ్యమధ్య బిగిస్తుంటారు కాబట్టి, నక్షత్రాలతోపాటు చీటీ మీది సంవత్సరమూ, ఏడాదికి ఎన్ని యూనిట్లన్నదీ చదవండి. 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి, అక్కడే ఉండనివ్వండి. బేరానికి వెళ్ళేముందు మాత్రం స్లాబు మీద తెల్లసున్నం రెండుపూతలు వేయించి, నాలుగు రోజులు పడుకుని చూడండి.