వాయించువారి పత్రిక, వినువారి పత్రిక

జనసామాన్యము పాడుకొను పాటల కొఱకే ఇంగ్లండులో వెలసిన వారపత్రికలు ఒకానొక కాలమున లక్షలకొలఁది ప్రతులు అమ్ముడైనవి. వాని పుట్టుకను పరిశీలించినచో, అవి మొదట శ్రోతలను ఉద్దేశించినవి గాక, వాద్యములు వాయించి జీవించువారిని ఉద్దేశించినవని తెలియును.

1926 జనవరిలో లారెన్స్ రైట్ అను సంగీత ప్రచురణకర్త లండనునందు 'మెలొడీ మేకర్' అను మాసపత్రికను స్థాపించెను. రైట్ స్వయముగా పాటలు కట్టినవాఁడు, స్వరప్రతులను అచ్చొత్తించి అమ్మినవాఁడు. కావున తన సరకునకు ప్రచారము కల్పించుకొనుట ఆ పత్రిక ఉద్దేశములలో నొకటి యనుట తప్పు గాదు. అయినను, తొలి సంపాదకుఁడైన ఎడ్గార్ జాక్సన్ కాలము నుండియు, నాట్యశాలలలో వాయించు బృందములవారు తమ వృత్తికి కావలసిన వార్తలను అందు వెదకికొనిరి. 1933లో అది వారపత్రిక యైనది. దాని చివరి పుటలలోని చిన్న ప్రకటనలు, నా దృష్టిలో, సంపాదకీయముల కంటె విలువైనవి. 1970లో 'జెనిసిస్' బృందమువారు డ్రమ్ములు వాయించువాఁడు కావలెనని వేసిన ప్రకటనను చూచి వెళ్లి ఆ చోటు సంపాదించినవాఁడే ఫిల్ కాలిన్స్.

ఇంతలో మఱియొక పత్రిక మార్గమునే మార్చినది. కచేరీలు ఏర్పాటు చేయు మారిస్ కిన్ అనునాయన, కూలిపోవుచున్న ఒక సంగీత పత్రికను వెయ్యి పౌనులకు కొని, 1952 మార్చిలో 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అను పేర వెలువరించెను. అందు ప్రకటనల వ్యవహారము చూచుచుండిన పెర్సీ డికిన్స్, రికార్డులమ్ము దుకాణములకు టెలిఫోను చేసి, ఆ వారము ఏ రికార్డులు ఎక్కువగా పోయినవో అడిగి వ్రాసికొని, నవంబరు 14వ తేదీ సంచికకు ఒక పట్టికను సిద్ధము చేసెను. పట్టికలో స్థానములు 12. అమ్మకములు సమానమైనవి కొన్ని యుండుటచే రికార్డులు 15. అగ్రస్థానమున నిలిచిన అల్ మార్టినో పాట 'హియర్ ఇన్ మై హార్ట్' తొమ్మిది వారములు అచటనే యుండెను.

అంతకు పూర్వము బ్రిటనులో పాటకు గల ఆదరణను స్వరప్రతుల అమ్మకముతో కొలుచుచుండిరి. స్వరప్రతిని కొనువానికి పియానో యుండవలెను, స్వరలిపి చదువ వచ్చియుండవలెను. రికార్డు కొనువానికి చెవియు, కొంచెము డబ్బును ఉన్నఁ జాలును. కాఁబట్టి ఆ చిన్న పట్టికతో తీర్పు చెప్పు అధికారము వాయించువాని నుండి వినువానికి సంక్రమించినదని నేను దృఢముగా నమ్ముచున్నాను. అదే సంవత్సరము డిసెంబరులో రేడియో సిలోను నుండి హిందీ సినిమా పాటల కార్యక్రమమైన 'బినాకా గీత్‌మాలా' మొదలగుట, వినువారి అభిరుచిని తెలిసికొనవలెనను కోరిక ఒక్క దేశమునకే పరిమితము గాదని తెలుపుచున్నది.

బీటిల్స్ విజృంభించిన 1964 నాటికి ఈ రెండవ పత్రిక మూడు లక్షల ప్రతులు దాఁటినది. కాని శ్రోతకు స్థానము లభించినను, విచారణ లభింపలేదు. తారల ఇష్టానిష్టములే పుటలను నింపుచుండెను. అమెరికాలో 1966లో పాల్ విలియమ్స్ అను విద్యార్థి 'క్రాడాడీ'ని, మఱుసటి యేఁట జాన్ వెనర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్'ను ప్రారంభించి, ఈ పాటలును గంభీర విమర్శకు తగినవని నిరూపించిరి. లండను పత్రికలు ఆ త్రోవను ఆలస్యముగా పట్టినవి. 1976లో యువరచయితలు కావలెనని న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ ప్రకటింపఁగా చేరినవారిలో జూలీ బర్చిల్ ఒకతె. అప్పటి కామె వయస్సు 17 ఏండ్లు.

తరువాతి కథ క్షీణగాథ. 2000 సంవత్సరాంతమున మెలొడీ మేకర్ తన ప్రత్యర్థిలో లీనమైనది. ఆ ప్రత్యర్థియు 2015 నుండి ఉచితముగా పంచఁబడి, 2018 మార్చిలో వారపత్రికగా ముద్రణ మానుకొనినది. ఆ సంగీతముయొక్క చరిత్ర వ్రాయఁబూనువారు ముఖపత్రములతో తృప్తిపడక, పాత సంచికల చివరి పుటలలో వాద్యకారులు తమకై వేసికొనిన ఆ చిన్న ప్రకటనలను శ్రద్ధతో చదువవలెనని నా మనవి.