మృదంగం చేసేవారి పేరేమిటి?

మృదంగం వాయించేవారిని మార్దంగికులంటాం. మరి పనస దుంగను తొలిపించి, తోలు బిగించి, కరణి పెట్టి, ఏళ్లు గడిచి నాదం చచ్చిన వాద్యాన్ని మళ్లీ పలికించేవారిని ఏమనాలి?

ఈ చిక్కు రెండు వేల ఏళ్ల నాటిది. పాణిని అష్టాధ్యాయిలో ‘శిల్పమ్’ అనే ఒంటి మాటే ఒక సూత్రం (4.4.55). ఎవరికి ఏది శిల్పమో, ఆ మాట మీద ప్రత్యయం చేరి వారి పేరు పుడుతుంది. అలా పుట్టినవాడే మార్దంగికుడు. అయితే మృదంగమే శిల్పమైనవాడు మార్దంగికుడైతే ఆ పేరు కుమ్మరికి పోతుంది కదా అని పతంజలి మహాభాష్యంలో అడ్డుప్రశ్న వేశాడు. ముచ్చటైన ప్రశ్న. మృదంగమంటే మట్టి ఒళ్లు గలది. ఆ ఒళ్లు చేసేది కుమ్మరే. లోకమేమో ఆ పేరుతో వాయించేవాణ్ణి పిలుస్తోంది. అందుకని పతంజలి, ఇక్కడ ‘వాదనం’ అనే మాట లోపించిందనీ, మృదంగవాదనం శిల్పంగా గలవాడే మార్దంగికుడనీ సర్దాడు. వాదనం శిల్పం వంటిది కనుక శిల్పమన్నారనీ చెప్పాడు.

ఆ ‘వంటిది’ దగ్గర నా మనసు ఆగిపోతుంది. వాయించేవాడి విద్య శిల్పం వంటిదైతే, సిసలైన శిల్పం చేసేవాడిదేగా! పేరు చేజారినా, ఆ మాట మీద తొలి హక్కు అతనిదేనని భాష్యకారుడే ఒప్పుకున్నట్టు.

తెలుగులోనూ పేర్లు వాయించడం నుంచే వచ్చాయి. పంబ వాయించేవారు పంబలవారు, రుంజ వాయించేవారు రుంజవారు. ఇతర వస్తువులు చేసేవారికీ పేర్లున్నాయి: కుంభకారుడు కుమ్మరి అయ్యాడు, కర్మారుడు కమ్మరి అయ్యాడు. మద్దెల చేసేవారికి మాత్రం అంత పొందికైన పేరు కుదరలేదు. రోలు వెళ్లి మద్దెలతో మొర పెట్టుకుందని సామెత చెప్పుకుంటాం. ఆ మద్దెలకు తోలు మార్చినవారి మొర ఏ సామెతలోకీ ఎక్కలేదు.

కారణం తోలులో ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి వారి పేరు వీణతో పాటు నలుగురికీ తెలుసు. అదీ పనసకర్రే. తోలు ముట్టినవారిని మాత్రం ఊరు దూరం పెట్టింది. వారు బిగించిన వాద్యాన్ని గుడిలోకి తీసుకుపోయింది. పాల్ఘాట్ మణి అయ్యర్‌కు మృదంగాలు చేసిన పర్లాందు పేరు కచేరీలు విన్నవారిలో ఎందరికి తెలుసు? మృదంగాలు చేసే తమిళనాటి కుటుంబాల చరిత్రను గాయకుడు టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’గా పుస్తకం వేసింది 2020లో. పర్లాందు అన్నది ఫెర్నాండెజ్‌కు తమిళ నోట వచ్చిన రూపం.

పేరు దొరకని ఆ పనిలో మాటలకు మాత్రం కొదవ లేదు. తోలు కప్పిన ముఖం మూత. మూయడం నుంచి వచ్చింది. కుడి మూత మీది నల్లటి కరణికి చిట్టెపురాతి పొడినీ అన్నాన్నీ కలిపి మెదిపి, పొర మీద పొర వేసి రుద్దుతారు. చిట్టెమంటే ఇనుప మష్టు. సంస్కృతంలో కిట్టం, తమిళంలోనూ కిట్టమే. కన్నడ కివి మనకు చెవి అయినట్టే, ఇక్కడా ‘కి’ కాస్తా ‘చి’ అయింది. ఎడమ మూతకు కచేరీ ముందు రవ్వ ముద్ద అద్దితే గుంకీ లోతుగా పలుకుతుంది.

ఫ్రెంచివారికి తంత్రీవాద్యాలు చేసేవారికి లూథియర్ అని పేరుంది. అది ల్యూట్ నుంచి, ల్యూట్ అరబ్బీ ‘అల్ ఊద్’ నుంచి వచ్చాయి. ఊద్ అంటే కర్ర. మన ఊదుబత్తిలోని ఊదూ ఆ కర్రే. అక్కడా తంత్రికి దక్కిన పేరు తోలుకు దక్కలేదు.

మేస్త్రి అందామా? పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చిన గౌరవమైన మాటే. కానీ తాపీ పనివారూ దర్జీలూ దాన్ని ముందే పంచుకున్నారు. చర్మవాద్య నిర్మాత అంటే సినిమా వాసన కొడుతుంది. మృదంగకారుడు అంటే మళ్లీ వాయించేవాడే గుర్తొస్తాడు.

నా ఓటు మృదంగశిల్పికి. శిల్పి అంటే రాతిని చెక్కేవాడే అనుకోవడం తర్వాత పడ్డ అలవాటు. పాణిని నాటికి శిల్పం చేతి విద్యలన్నిటికీ పేరు. డప్పుశిల్పి, డోలుశిల్పి అంటే దేశ్యానికి సంస్కృతం అతికించారని వ్యాకర్తలు కోప్పడవచ్చు. విడదీసి డప్పు శిల్పి అని రాద్దాం.

కచేరీ ఆహ్వానాలు అచ్చువేసేవారికి ఒక మనవి: మృదంగ విద్వాంసుల పేరు కింద మృదంగశిల్పి పేరు కూడా వేయండి. ఒక్క పంక్తి చాలు.